మూడు నెలల టెస్టు 5.2, సాయంత్రం షుగర్ 386: పర్లాకిమిడిలో ఒక దర్జీ కేసు

పర్లాకిమిడిలో నేను ప్రాక్టీసు పెట్టి పద్నాలుగేళ్లయింది. మాది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. నా ఓపీకి వచ్చేవాళ్లలో సగం మందికి పైగా తెలుగులోనే బాధ చెప్పుకుంటారు. వైద్యానికి ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు తిరుగుతూనే ఉంటారు. ఈ కేసులో ఆ తిరుగుడుకి కూడా భాగం ఉంది. రోగి అనుమతితో రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రిపోర్టుల్లోని అంకెలు మార్చలేదు.

ఆయనకి 54 ఏళ్లు, దర్జీ. టైప్ 2 షుగర్ ఉంది, ఏడేళ్లుగా నా దగ్గరే చూపించుకుంటున్నారు. బరువు 61 కిలోలు. మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు పొద్దున ఒకసారి. హెచ్‌బీఏ1సీ, అంటే మా వాళ్లు ‘మూడు నెలల షుగర్ టెస్టు’ అనేది, ఎప్పుడు చేయించినా 7.9, 8.1 దగ్గరే ఆగేది. పండగలొస్తే కాస్త పెరిగేది. ఏడేళ్లలో 7.5 కిందికి ఎన్నడూ రాలేదు.

అలాంటిది కిందటేడు ఒక రిపోర్టులో 5.7 వచ్చింది. ఫాస్టింగ్ 118. నాకు చాలా సంతోషం వేసింది. ఏం చేశారని అడిగితే, “అన్నం తగ్గించానండీ, రాత్రిపూట చోడి అంబలి తాగుతున్నాను” అన్నారు. అన్నం తగ్గించిన మాట నిజమే, తర్వాత వాళ్లావిడా అదే చెప్పారు. 5.7 అంటే సగటు షుగర్ సుమారు 117 ఉన్నట్టు లెక్క. గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషికి అంత తక్కువ సగటు ఉంటే లో షుగర్ అయ్యే ప్రమాదం ఉంది. రోజంతా మిషన్ ముందు కూర్చుని, భోజనం వేళ తప్పే మనిషి కూడాను. అందుకని మాత్ర 1 మిల్లీగ్రాముకి తగ్గించాను.

మూడు నెలల తర్వాత 5.2 వచ్చింది. ఫాస్టింగ్ 124. గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశాను.

ఆ రోజు నాకు కనిపించినవి, విన్నవి ఇవి. ముఖం కాస్త నిండుగా ఉంది. ఒళ్లు బాగుపడిందనుకున్నాను. రంగు నల్లబడింది. ఎండలో తిరిగారనుకున్నాను, దర్జీ ఎండలో ఎందుకు తిరుగుతాడని ఆలోచించలేదు. “రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది బాబూ” అన్నారు. ప్రోస్టేట్ అనుకుని స్కానింగ్ రాశాను. కుడిచేతి చిటికెన వేలు మొద్దుబారిందని, కాజాలు కుట్టేటప్పుడు గుడ్డ జారిపోతోందని చెప్పారు. షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం మామూలే కదా అని ఒక విటమిన్ మాత్ర రాశాను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాని దగ్గర ఆగినా విషయం ఆ రోజే బయటపడేది. ఆగలేదు. చేతిలో 5.2 అన్న కాగితం ఉంది. దానికి సరిపడేలా మిగతావన్నీ సర్దేసుకున్నాను.

వారం తిరగకుండానే మళ్లీ వచ్చారు, ఈసారి సాయంత్రం అయిదు గంటలకి. ఎప్పుడూ పొద్దున్నే పరగడుపున వచ్చే మనిషి. మూత్రం వచ్చే చోట దురద, మంట, తెల్లటి పూత. అది ఫంగస్. ఆ వయసులో మగవాళ్లకి అది వస్తే మొదట షుగరే చూడాలి. వేలికి గుచ్చి చూస్తే 386. స్ట్రిప్ పాడైందేమోనని చేతులు కడిగించి ఇంకోటి వాడితే 379.

386, 5.2. ఈ రెండూ ఒక మనిషివే అయితే, రెండిట్లో ఒకటి నేను అనుకున్న అర్థం చెప్పడం లేదన్నమాట.

మొదటి అనుమానం సహజంగానే ల్యాబు మీదకి పోయింది. శాంపిల్ మారిందా, పేరు మారిందా, మిషన్ తేడానా? మర్నాడు వేరే ల్యాబుకి, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేసేచోటికి, రక్తం పంపాను. 5.1 వచ్చింది. ఆ గ్రాఫులో సికిల్ సెల్‌లో ఉండే హిమోగ్లోబిన్ ఎస్ లాంటి తేడా రకాలేవీ కనపడలేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే దక్షిణ ఒడిశాలో నేను ముందుగా వెతికేది సికిల్ సెల్‌నే. అంటే మిషన్లు రెండూ సరిగ్గానే కొలిచాయి. ల్యాబు వాళ్ల తప్పేమీ లేదు. ఆ అంకెను నేను చదివిన తీరులోనే తప్పుంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. హెచ్‌బీఏ1సీ షుగర్‌ని నేరుగా కొలవదు. రక్తంలోని గ్లూకోజు, ఎర్ర కణంలోని హిమోగ్లోబిన్‌కి, దాని బీటా గొలుసు మొదట్లో ఉన్న వాలీన్‌కి, మెల్లగా అంటుకుంటుంది. ఏ ఎంజైమూ అక్కర్లేదు. అంటుకున్నది ఆ కణం చచ్చేదాకా ఉంటుంది. వంద హిమోగ్లోబిన్‌లలో ఎన్నిటికి అంటుకుందో చెప్పేదే ఈ టెస్టు. ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే మనం దాన్ని సగటు షుగర్‌గా మార్చుకుంటాం. ఆ సగటులో కూడా దాదాపు సగం వాటా చివరి నెలదే. కణం 120 రోజులు బతకకుండా 60, 70 రోజులకే పోతుంటే, గ్లూకోజు అంటుకునేంత వ్యవధి దానికి ఉండదు. షుగర్ ఎంత ఉన్నా అంకె తక్కువే వస్తుంది. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ షుగర్ రోగుల రక్తంలో ఈ తేడాను పట్టుకున్నది, అసలు తేడా హిమోగ్లోబిన్‌ల కోసం వెతుకుతున్నప్పుడు. ఈ టెస్టు పుట్టిందే హిమోగ్లోబిన్ మీద చూపు పెట్టిన చోట. తర్వాత 1993లో డీసీసీటీ, 1998లో యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనాల ఫలితాలు వచ్చాయి. హెచ్‌బీఏ1సీ తగ్గితే కళ్లు, కిడ్నీలు, నరాలు నిలుస్తాయని తేలాక అది షుగర్ వైద్యానికి కొలబద్ద అయింది. దాంతో మా కళ్లు అంకె మీదే ఉండిపోయాయి, దాన్ని మోసే కణాన్ని మరిచిపోయాం.

కాబట్టి కణాలను చూశాను. హిమోగ్లోబిన్ 11.0 ఉంది. ఏడాదిన్నర కిందట 13.4 ఉండేది, మధ్యలో నేను చేయించలేదు. రెటిక్యులోసైట్లు, అంటే కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు, 4.6 శాతం. మామూలుగా 2 దాటవు. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ రెండూ పెరిగాయి, కణాలు పగిలితే పెరిగేవి ఇవి. కణాలు తొందరగా పగిలిపోతున్నాయి, ఎముక మజ్జ హడావుడిగా కొత్తవి తయారుచేస్తోంది. మలేరియా టెస్టు నెగెటివ్. ఎర్ర కణాలను పగలకుండా కాపాడే జీ6పీడీ ఎంజైమ్ మామూలుగానే వచ్చింది కానీ దాన్ని నేను పూర్తిగా నమ్మలేదు. కణాలు పగులుతున్నప్పుడు మిగిలేవి వయసులో చిన్నవి. వాటిలో ఆ ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, లోపం ఉన్నా కనిపించకపోవచ్చు. మా ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవాలి. ఇక్కడి గిరిజనుల్లో కనిపించే ఒక జీ6పీడీ రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘ఒరిస్సా’.

ఇంకొకటి మా నర్సమ్మ పట్టుకుంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే 92 చూపించింది. వేలు మార్చినా 92, 93. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఆయాసం లేదు, పొగ తాగరు. ఆక్సీమీటర్ తక్కువ చూపిస్తుంటే, మనిషి మాత్రం హాయిగా మాట్లాడుతుంటే, మెత్‌హిమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్, గుర్తు రావాలి. మెత్‌హిమోగ్లోబిన్, కణాలు పగలడం, రెండూ కలిస్తే దాదాపు ఒకే ప్రశ్న మిగులుతుంది. ఈ మనిషి ఏం మందు వాడుతున్నాడు?

అంతకు ముందు రెండుసార్లు అడిగాను. మీరిచ్చినవే అన్నారు. మూడోసారి అడిగే ముందు, పాత ఫైలు తెమ్మని వాళ్లావిడను కాంపౌండరు దగ్గరికి పంపాను. తలుపు వేసి, కుర్చీ ఆయన పక్కకి జరుపుకుని, కుడి మోచెయ్యి పట్టుకున్నాను. మోచేతి లోపలివైపు, ఎముక వెనక, అల్నార్ నరం తాడులా లావుగా తగిలింది. ఏడేళ్లుగా నా రోగి. ఆ నరాన్ని నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి చాలామందిలో పాదాల్లో మొదలవుతుంది, రెండు పక్కలా సమానంగా, మేజోళ్లు తొడిగినట్టు. ఒక్క చేతి చిటికెన వేలు మొద్దుబారడం, నరం లావెక్కడం దాని తీరు కాదు.

నేను ఏమీ అనలేదు. ఆయనే చొక్కా లోపలి జేబులోంచి మాత్రల అట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. ఆ జేబు ఆయన తనకోసం కుట్టుకున్నదే, బయటికి కనపడదు. 28 రోజుల ఎం.డి.టి. అట్ట అది. కుష్ఠు మందు.

“మా ఆవిడకి తెలీదు బాబూ. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెద్ద రోగం ఉందని తెలిస్తే ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు?”

సరిహద్దు అవతల ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఎనిమిది నెలలుగా ఉచితంగా తెచ్చుకుంటున్నారు. ఇక్కడైతే ఎవరో ఒకరు చూస్తారని భయం. అయిదో నెలలో మోచేతి నరం వాచి నొప్పి చేసింది. అది కుష్ఠులో వచ్చే రియాక్షన్. దానికి అక్కడి డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తగ్గిస్తూ వస్తున్నారు. ఇప్పుడు 20 దగ్గర ఉంది. ఆయన చేసింది సరైన వైద్యమే, ఆ వేళ స్టెరాయిడ్ ఇవ్వకపోతే చెయ్యి వంకర పోయేది. షుగర్ ఉందని ఆయనకి చెప్పారా అని అడిగాను. చెప్పారట. మూడు నెలల రిపోర్టు కూడా చూపించారట. 5.7 చూసి ఆయనా ధైర్యపడ్డారు.

ఒకే అంకె ఇద్దరు డాక్టర్లను నిద్రపుచ్చింది.

మందులవారీగా చెబితే అంతా తేటపడుతుంది. ఎం.డి.టి. పెద్దల అట్టలో మూడు మందులుంటాయి. రిఫాంపిసిన్ నెలకోసారి, క్లోఫజిమిన్, డాప్సోన్ రోజూ. డాప్సోన్ 100 మిల్లీగ్రాములు. అది శరీరంలో మారి ఎర్ర కణాలను లోపలినుంచి ఆక్సీకరణకి గురిచేస్తుంది, జీ6పీడీ మామూలుగా ఉన్నవాళ్లలోనూ వాటి ఆయుష్షు తగ్గిస్తుంది. మెత్‌హిమోగ్లోబిన్ దాని పనే. హెచ్‌బీఏ1సీ పడిపోవడం దాని పనే. రక్తహీనత పెద్దగా కనపడకపోయినా ఆ అంకె బాగా పడిపోగలదు, అందుకే అది ఇంత మోసం చేస్తుంది. చర్మం నల్లబడింది క్లోఫజిమిన్ వల్ల. ముఖం నిండింది ప్రెడ్నిసలోన్ వల్ల.

ప్రెడ్నిసలోన్ ఇంకో పని చేసింది. పొద్దున వేసుకునే స్టెరాయిడ్ మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా షుగర్ పెంచుతుంది, తెల్లవారేసరికి దాని జోరు తగ్గుతుంది. పరగడుపున సూది గుచ్చితే 124. అంటే ఒక మందు షుగర్‌ని పెంచుతూ ఫాస్టింగ్‌లో కనపడకుండా దాచింది. ఇంకో మందు దాన్ని మూడు నెలల టెస్టులో కనపడకుండా దాచింది. నేను చూస్తున్నవి సరిగ్గా ఆ రెండే. పైగా, దిగుతున్న అంకెను నమ్మి, పెరుగుతున్న షుగర్‌కి ఉన్న మాత్రను తీసేశాను.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ తర్వాత ఆయన అన్న మాట. “మీరు అడిగినప్పుడు చెబుదామనే అనుకున్నాను. కాగితంలో అంతా బాగుందన్నారు కదా, ఇంకెందుకులే అని ఊరుకున్నాను.”

ముందు ఆయన భయం సంగతి మాట్లాడాం. కుష్ఠు వంశపారంపర్యం కాదు. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఇతరులకి అంటించే గుణం దాదాపు పోతుంది. కోర్సు పూర్తిచేస్తే జబ్బు నయమవుతుంది. అయితే ఇంట్లోవాళ్లను ఒకసారి పరీక్ష చేయించాలి, వాళ్లకి ముందుజాగ్రత్తగా ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. దానికోసమైనా భార్యకి చెప్పాలి. చెప్పడం నా పని కాదు, ఆయన పని. రెండు వారాలు గడువు అడిగారు. ఆ రెండు వారాల్లో చెప్పారు. ఆవిడకి ముందే ఏదో అనుమానం ఉందట. ఉతికేటప్పుడు ఆయన చొక్కాల చంకల్లో ఎర్రటి చెమట మరకలు వదలడం లేదని, కొత్త గుడ్డ రంగు దిగుతోందేమోనని అనుకున్నారట. క్లోఫజిమిన్ చెమటకి కూడా రంగు తెస్తుంది. నేను చూడని ఆనవాలు ఆవిడ రోజూ చేత్తో రుద్దుతూనే ఉన్నారు.

షుగర్ అసలు ఎంతుందో తేల్చడానికి రెండు పనులు చేశాం. క్లినిక్‌లోని గ్లూకోమీటర్ ఒకటి ఇచ్చి మూడు రోజులు రోజుకి ఏడుసార్లు చూడమన్నాం. సగటున పరగడుపున 121, టిఫిన్ తర్వాత 208, మధ్యాహ్నం భోజనానికి ముందు 214, తర్వాత 341, రాత్రి భోజనానికి ముందు 318, తర్వాత 296, తెల్లవారుజామున మూడింటికి 162. అన్నీ కలిపి సగటు 237. మామూలు ఎర్ర కణాలున్న మనిషికి అది హెచ్‌బీఏ1సీలో 9.9 దగ్గర ఉండాలి. ఆయనకి 5.1.

రెండోది ఫ్రక్టోసమైన్. ఇది రక్తంలోని ప్రొటీన్లకి, ముఖ్యంగా ఆల్బుమిన్‌కి, అంటిన గ్లూకోజు. ఎర్ర కణంతో దీనికి పని లేదు. ఆల్బుమిన్ ఆయుష్షు తక్కువ కాబట్టి రెండు, మూడు వారాల సంగతే చెబుతుంది. మా ఊళ్లో చేయరు, సీరం వైజాగ్ పంపాల్సి వచ్చింది. 462 మైక్రోమోల్స్ వచ్చింది. మామూలుగా 285 లోపు ఉంటుంది. లెక్కకట్టి మారిస్తే హెచ్‌బీఏ1సీ 9.5 ఉన్నట్టు. మీటరు చెప్పినదానికి దగ్గరగా ఉంది. దీనికీ షరతులున్నాయి. మూత్రంలో ప్రొటీన్ బాగా పోతున్నా, లివర్ దెబ్బతిన్నా, థైరాయిడ్ తేడాగా ఉన్నా ఇదీ తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ఆల్బుమిన్ కూడా చూశాను, 3.8 ఉంది, సరిపోతుంది.

స్టెరాయిడ్ ఆపలేదు, ఎం.డి.టి. ఆపలేదు. షుగర్ కోసం నరాన్ని పణంగా పెట్టకూడదు. అవతలి డాక్టరుగారితో ఫోన్‌లో మాట్లాడాను. రక్తం 11 దగ్గర నిలిచింది కాబట్టి, రెండు వారాలకోసారి చూసుకుంటూ డాప్సోన్ కొనసాగిద్దామన్నారు. 10 కిందికి దిగితే దాన్ని ఆపి మిగతా రెండూ నడుపుదామనుకున్నాం. దిగలేదు. షుగర్‌కి పొద్దున ప్రెడ్నిసలోన్‌తో పాటే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ 12 యూనిట్లు మొదలెట్టాను. రెండిటి జోరూ ఇంచుమించు ఒకే వేళల్లో పెరిగి తగ్గుతుంది కాబట్టి ఈ జోడీ కుదురుతుంది. రాత్రి ఇన్సులిన్ ఇస్తే తెల్లవారుజామున లో షుగర్ అయ్యేది. స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా ఇన్సులిన్ కూడా తగ్గించాలని ఒక చీటీ మీద రాసి, దానికి ఇద్దరు డాక్టర్ల ఫోన్ నంబర్లు జత చేసి ఇచ్చాను. ఆ చీటీ కూడా ఆ లోపలి జేబులోనే పెట్టుకున్నారు.

ఆరు వారాలకి ఫ్రక్టోసమైన్ 358. ఫంగస్ పోయింది, రాత్రి ఒక్కసారే లేస్తున్నారు. ప్రోస్టేట్ స్కానింగ్ అనవసరంగా చేయించాను. ఎం.డి.టి. 12 నెలలు పూర్తయ్యాక మరో నాలుగు నెలలు ఆగి హెచ్‌బీఏ1సీ చేయిస్తే 7.6 వచ్చింది, అదే రోజు ఫ్రక్టోసమైన్ 340. ఈసారి రెండూ ఒకే మాట చెప్పాయి. హిమోగ్లోబిన్ 13.1. ఇన్సులిన్ ఎప్పుడో ఆగింది, గ్లిమెపిరైడ్ మళ్లీ మొదలైంది. చెడ్డ అంకె వచ్చినందుకు సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

ఎర్ర కణాల సంగతి ఆయనకి ఎలా చెప్పానో ఇక్కడ రాస్తాను, వేరేవాళ్లకి పనికిరావచ్చు. “రోజూ దుమ్ములో పనిచేసే మనిషి గంటగంటకీ కొత్త చొక్కా మార్చుకుంటే, చొక్కా తెల్లగా ఉంది కదా, దుమ్ము లేదు అనొచ్చా?” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే ముందు చొక్కా ఎప్పుడు మార్చాడో అడగాలి” అన్నారు.

ఇప్పుడు నేను హెచ్‌బీఏ1సీ రాసిన ప్రతిసారీ పక్కనే హిమోగ్లోబిన్ రాస్తున్నాను. ఈ సరిహద్దు జిల్లాల్లో ఇది అదనపు ఖర్చు కాదు, అవసరం. సికిల్ సెల్ జబ్బున్నవాళ్లలో ఈ టెస్టుకి అర్థమే ఉండదు, వాళ్లలో మామూలు హిమోగ్లోబిన్ ఏ దాదాపు ఉండదు. సికిల్ జన్యువు ఒక్కటి మాత్రమే ఉన్నవాళ్లలో మంచి మిషన్ కొలవగలదు కానీ అంకె కాస్త తక్కువగా రావచ్చు. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ వేసుకుంటూ కణాలు పగిలినవాళ్లు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు, అందరిదీ ఇదే కథ. ఐరన్ తక్కువున్న ఆడవాళ్లలో తిరగబడుతుంది. లేని షుగర్ ఉన్నట్టు అంకె పెరుగుతుంది, ఊరికే టెన్షన్ పెట్టి మాత్రలు పెంచేస్తాం. అంకె ఒక్కసారిగా 2 పాయింట్లు మారితే, మెచ్చుకునే ముందు మధ్యాహ్నం భోజనం తర్వాత షుగర్ ఒకటి చూస్తున్నాను. మందుల గురించి ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతున్నాను. మోచెయ్యి కూడా పట్టుకుని చూస్తున్నాను.

కిందటి నెల ఆయన వచ్చారు. వేలి బలం కొంత తిరిగింది, స్పర్శ రాలేదు. కాజాలు ఇప్పుడు వాళ్లావిడ కుడుతున్నారు. పెద్దమ్మాయికి సంబంధం ఇంకా చూస్తున్నారు. ఆ పిల్లకి కూడా చెప్పేశామన్నారు. వచ్చేవాళ్లకి చెప్పాలా వద్దా అన్నది తనే తేల్చుకుంటానందట.